నొప్పితో కన్ను కదలకుండా పోతే: రోగానికి పేరు చివరన ఎందుకు పెట్టాలి

నెల్లూరు ట్రంకు రోడ్డులోని ఒక కళ్లజోళ్ల అంగడి వెనక ఉన్న చీకటి గదిలో కంటి పరీక్షలు చేయడం నా వృత్తి. చూపు మసకబారిందనో, అద్దాల పవరు మారిందేమోననో వచ్చేవారే ఎక్కువ. అద్దాలతో ఏమాత్రం సంబంధం లేని జబ్బును అద్దాలదే అనుకుని వచ్చేవారు కూడా అప్పుడప్పుడు ఉంటారు. అల్లూరు వైపు రొయ్యల గుంటల మీద కాపలా ఉండే ఒక పెద్దాయన అలాగే వచ్చారు. రాత్రిపూట గుంటలో నీటికి గాలి పట్టిస్తూ తిరిగే ఏరేటర్ల వరస రెండు వరసలుగా కనబడుతోందని, మేత చూసే చెక్ ట్రే పైకి లాగితే దాని అంచు కనబడిన చోట చేతికి దొరకడం లేదని చెప్పి, "అద్దం మారిస్తే సరిపోద్దన్నాడు సామీ మావోడు" అన్నారు. మాట్లాడుతున్నంతసేపూ కుడి కనుబొమ మీద అరచేతిని ఒత్తిపెట్టుకునే ఉన్నారు. ఆ చెయ్యి చూశాక అద్దాల పెట్టె పక్కన పెట్టాను.

ఒకటి రెండుగా కనబడుతోందని ఎవరు చెప్పినా మొదట చేయవలసిన పరీక్షకు యంత్రం అక్కర్లేదు. ఒక్కో కన్నూ విడివిడిగా మూసి చూడమనాలి. ఒక కన్ను మూసినా తెరిచి ఉన్న కంటికి రెండుగానే కనబడితే లోపం ఆ కంటిలోనే ఉంటుంది. శుక్లమో, నల్లగుడ్డు పైపొర గరుకుబారడమో, అద్దాల తేడాయో కారణం కావచ్చు. ఏ కన్ను మూసినా ఒకటిగానే కనబడి, రెండూ తెరిచినప్పుడు మాత్రమే రెండుగా విడిపోతే, రెండు కళ్లూ ఒకే చోటికి గురి పెట్టడం లేదన్నమాట. అప్పుడు కంటిని తిప్పే కండరమో, ఆ కండరాన్ని నడిపే నరమో, ఆ నరం బయలుదేరే మెదడు భాగమో దెబ్బతిని ఉండాలి.

ఈ పెద్దాయనకు నా చేతిలోని టార్చి వెలుగు ఏ కన్ను మూసినా ఒకటే. రెండూ తెరిస్తే రెండు. నా వేలిని ఆయన కుడివైపుకు జరుపుకుంటూ పోతే కుడి కన్ను సగం దూరం వచ్చి ఆగిపోయింది. పైకి చూడమంటే ఎడమ కన్ను లేచినంతగా కుడి కన్ను లేవలేదు. కుడి పై రెప్ప కొద్దిగా దిగి ఉంది. దూది కొసను నుదుటి మీద రెండు పక్కలా తాకిస్తే కుడివైపు మొద్దుగా ఉందన్నారు; చెంపల మీద మాత్రం తేడా లేదు. కంటిపాపలు రెండూ సమానంగా ఉన్నాయి. నొప్పి మొదలై తొమ్మిది రోజులు, రెండుగా కనబడటం మొదలై మూడు రోజులు. మధ్యలో ఊళ్లోని ఆర్‌ఎంపీ ఒక సూది వేస్తే రెండు రోజులు నొప్పి పూర్తిగా పోయిందనీ, మళ్లీ వచ్చిందనీ, నందివర్ధనం పూలు కూడా రెప్పల మీద పెట్టుకున్నాననీ చెప్పారు. పూల వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. సూది సంగతికి తర్వాత వస్తాను, ఎందుకంటే ఈ వ్యాసంలో ముఖ్యమైన చిక్కు అక్కడే ఉంది.

వైద్య గ్రంథాల్లో దీన్ని నొప్పితో కూడిన కంటి కండరాల పక్షవాతం అంటారు. ఇది రోగం పేరు కాదు. రెండు లక్షణాలు ఒకే వైపు కలిసి వచ్చాయని చెప్పే మాట మాత్రమే. జ్వరం అన్న మాట కారణం గురించి ఎంత చెబుతుందో ఇదీ అంతే చెబుతుంది. రెండు మూడు నెలల్లో దానంతట అదే సర్దుకునే నరం దెబ్బ మొదలుకొని గంటల్లో ప్రాణం తీయగల రక్తనాళపు ఉబ్బు దాకా దీని వెనక ఎన్నో ఉండవచ్చు. పైకి చూస్తే మాత్రం అన్నీ ఒకే ముఖంతో వస్తాయి: ఒక పక్క తల పగిలే నొప్పి, వాలిన రెప్ప, మెల్లకన్ను.

మూడు నరాలు, ఒక ఇరుకు దారి

ఒక్కో కంటిగుడ్డును తిప్పడానికి ఆరు కండరాలున్నా, మెదడు నుంచి వాటికి వచ్చే నరాలు మూడే. మూడో నరం ఆ ఆరింటిలో నాలుగు కండరాలను నడపడంతోపాటు పై రెప్పను ఎత్తుతుంది, కంటిపాపను చిన్నది చేస్తుంది. (కంటిపాప అంటే ఇక్కడ నల్లగుడ్డు నడుమ వెలుగు లోపలికి పోయే రంధ్రం.) నాలుగో నరం ఒకే ఒక్క కండరాన్ని నడుపుతుంది, అది పడిపోతే మెట్లు దిగేటప్పుడూ, పేపరు చదివేటప్పుడూ ఇబ్బంది తెలుస్తుంది. ఆరో నరం పని కన్నును చెవి వైపు తిప్పడం. కదలికతో సంబంధం లేకపోయినా ఈ కథలో నాలుగో పాత్ర ఒకటుంది: ఐదో నరం. దాని మొదటి శాఖ నుదురు, పై రెప్ప, కంటిగుడ్డుల స్పర్శనూ నొప్పినీ మోస్తుంది. రెండో శాఖ చెంపదీ పై పెదవిదీ.

ఇవన్నీ మెదడులో వేర్వేరు చోట్ల బయలుదేరి, కంటి గూడు చేరబోయే ముందు ఒకే ఇరుకులోకి వస్తాయి. పీయూష గ్రంథికి రెండు పక్కలా, కంటి గూటి వెనక, సిరల రక్తంతో నిండిన చిన్న గదులు రెండున్నాయి. వీటిని కావెర్నస్ సైనస్ అంటారు. మెదడుకు రక్తం తీసుకుపోయే కెరోటిడ్ ధమని ఈ గది మధ్యగుండా వంపు తిరిగి వెళ్తుంది. ఆరో నరం ఆ ధమనిని ఆనుకుని రక్తంలోనే ఉంటుంది. మూడో నరం, నాలుగో నరం, ఐదో నరపు మొదటి రెండు శాఖలు బయటి గోడలో ఇమిడి ఉంటాయి. వాన పడిన రోజు నెల్లూరులో రైలు కట్ట కింది అండర్ బ్రిడ్జి దగ్గర బస్సు, ఆటో, సైకిలు ఒకే నీటిలో ఆగిపోయినట్టు, ఈ గదిలో ఏ వాపు వచ్చినా, ఏ గడ్డ పెరిగినా వేర్వేరు పనులు చేసే నరాలు ఒకేసారి చిక్కుకుంటాయి.

ఏ నరాలు పడిపోయాయో చూసి చోటును ఊహించే విద్య ఇక్కడే పనికివస్తుంది. గది ముందు ఎముకలో ఒక చీలిక ఉంది; కంటిని తిప్పే మూడు నరాలూ, నుదుటి స్పర్శ శాఖా దాని గుండానే కంటి గూటిలోకి ప్రవేశిస్తాయి. చెంప శాఖ మాత్రం వేరే రంధ్రం గుండా పోతుంది. చూపు నరానికి దారి ఇంకొకటి. అందువల్ల చెంప కూడా మొద్దుబారితే జబ్బు గదిలో వెనక దాకా ఉందని అనుమానించాలి. చూపు కూడా తగ్గితే దారులన్నీ దగ్గరపడే కంటి గూటి కొన దగ్గర వెతకాలి. ఆరో నరం పడిపోయి, అదే వైపు కంటిపాప చిన్నదై రెప్ప కొంచెం వాలితే, ధమని చుట్టూ అల్లుకున్న సన్నటి నరాలు కూడా దెబ్బతిన్నాయని, అంటే జబ్బు గది లోపలే ఉందని దాదాపు చెప్పవచ్చు. మన పెద్దాయనకు మూడో నరం కొంత, ఆరో నరం ఎక్కువగా, నుదుటి శాఖ కొంత పోయాయి. చెంప బాగుంది, చూపు బాగుంది. గది ముందు భాగం, లేదా చీలిక. ఒక టార్చి, ఒక దూది కొసతో ఇంత దూరం రావచ్చు. ఇక్కడి నుంచి ముందుకు స్కానింగు కావాలి.

నరాలు కాక కండరాలే వాచిన సందర్భాలూ ఉన్నాయి. కంటి గూటిలోని కండరం వాచితే కన్ను తిప్పిన ప్రతిసారీ నొప్పి పెరుగుతుంది, కన్ను ఎర్రబడుతుంది, కొద్దిగా ముందుకు వస్తుంది. నరం దెబ్బలో నొప్పి కదలికతో అంతగా ముడిపడి ఉండదు. ఈ తేడా ప్రతిసారీ ఇంత స్పష్టంగా దొరకదు గానీ, అడగవలసిన ప్రశ్న అది.

షుగరు ఉన్నంత మాత్రాన షుగరే కారణం కాదు

మన ప్రాంతంలో యాభై దాటిన మనిషికి రెప్ప వాలిందనగానే ముందు గ్లూకోమీటరు తీస్తారు. అందులో తప్పేమీ లేదు. షుగరు, రక్తపోటు ఉన్నవారిలో నరానికి రక్తం అందించే సన్నటి నాళాలు మూసుకుపోయి మూడో నరమో ఆరో నరమో హఠాత్తుగా పడిపోవడం తరచు జరిగేదే. అప్పుడు కనుబొమ మీద తీవ్రమైన నొప్పి కూడా రావచ్చు. సాధారణంగా మూడు నెలల లోపల కదలిక తిరిగి వస్తుంది. చిక్కేమిటంటే, గ్లూకోమీటరులో పెద్ద అంకె కనబడగానే ఆలోచన ఆగిపోతుంది. షుగరు వల్ల పడిపోయేది దాదాపు ఎప్పుడూ ఒక్క నరమే. రెండు మూడు నరాలు ఒకేసారి పోతే, దానికి తోడు నుదురు మొద్దుబారితే, ఆ నేరం షుగరు మీద మోపడం తొందరపాటు. మన పెద్దాయనకు ఆ సాయంత్రం చూస్తే చక్కెర 290 దాటి ఉంది, కానీ మూడు నరాల లెక్క దానికి కుదరదు.

మూడో నరం ఒక్కటే పడిపోయినప్పుడు కంటిపాపను చూడటం అన్నింటికన్నా ముఖ్యం. కంటిపాపను చిన్నది చేసే నరపు పోగులు మూడో నరం పైఅంచున ఉంటాయి. వాటికి రక్తం కూడా పైపొర నాళాల నుంచే అందుతుంది. షుగరులో దెబ్బ తగిలేది నరం లోపలి భాగానికి, కాబట్టి రెప్ప పూర్తిగా వాలినా కంటిపాప చాలామందిలో మామూలుగానే ఉంటుంది. బయటి నుంచి ఏదైనా నొక్కితే మొదట నలిగేవి ఆ పైఅంచు పోగులే. నొక్కేవాటిలో అతి ప్రమాదకరమైనది మెదడు అడుగున, వెనకవైపు కలిపే ధమని దగ్గర గోడ పలచబడి బుడగలా ఉబ్బడం. ఆ ఉబ్బు చిట్లితే మెదడు చుట్టూ రక్తం నిండుతుంది. చిట్లడానికి కొన్ని గంటల ముందో కొన్ని రోజుల ముందో అది ఇచ్చే హెచ్చరిక ఒక్కోసారి ఇదే: ఒక పక్క నొప్పి, వాలిన రెప్ప, పెద్దదైన కంటిపాప. అందుకే కంటిపాప పెద్దదైన మూడో నరం పక్షవాతం కనబడితే రేపటి ఓపీ చీటీ కోసం ఆగకుండా అదే పూట రక్తనాళాల సీటీ స్కాన్ తీయించాలి.

ఈ సూత్రాన్ని తలకిందులుగా వాడుకోవడంలో ఒక ప్రమాదం ఉంది. కంటిపాప మామూలుగా ఉంది కనుక ఉబ్బు లేదని ధైర్యం చెప్పగలిగేది, రెప్పా కదలికలూ పూర్తిగా పోయి కంటిపాప ఒక్కటే చెక్కుచెదరకుండా ఉన్నప్పుడు మాత్రమే. పక్షవాతం సగంసగంగా ఉంటే, నరం ఇంకా నలుగుతూ ఉండవచ్చు. ఈ రోజు బాగున్న కంటిపాప రేపు పెద్దది కావచ్చు. పెద్దాయనకు పక్షవాతం సగంసగమే. చీటీ మీద 'ఈరోజే' అని రాసి కింద గీత గీసి పంపాను. ఆ రాత్రి తీసిన నాళాల స్కానులో ఉబ్బు లేదు.

ముక్కు లోపల చూడనిదే

తర్వాతి అనుమానితుడు బూజు, అంటే ఫంగస్. 2021 మే నెలలో, కోవిడ్ రెండో అల ఉధృతంగా ఉన్నప్పుడు, బ్లాక్ ఫంగస్ అన్న మాట ఊరూరా వినబడింది. అంటువ్యాధుల చట్టం కింద ఆ కేసులను నమోదు చేయాలని కేంద్రం రాష్ట్రాలను కోరింది. మన రాష్ట్ర ప్రభుత్వం ఆ చికిత్సను ఆరోగ్యశ్రీలో చేర్చింది. ఆ రోజులు గడిచాక జనం దాన్ని కోవిడ్‌తో వచ్చి కోవిడ్‌తో పోయిన జబ్బుగా లెక్కవేశారు. నిజానికి మ్యూకర్ బూజు కోవిడ్‌కు ముందూ ఉంది, తర్వాతా ఉంది. అదుపు తప్పిన చక్కెర, స్టెరాయిడ్ల వాడకం, తగ్గిన రోగనిరోధక శక్తి దానికి కావలసిన నేల. ముక్కులో మొదలై, పక్కనున్న గాలి నిండిన సైనస్ గదుల గోడలు దాటి కంటి గూటిలోకీ, అక్కడి నుంచి కావెర్నస్ సైనస్‌లోకీ రక్తనాళాల వెంట పాకుతుంది. ముఖం ఒక పక్క నొప్పి, చెంప మొద్దుబారడం, ముక్కులో నల్లటి చెక్కు, అంగిట్లో నల్ల మచ్చ, కదలని కన్ను, తర్వాత చూపు పోవడం. బూజును చంపే ఆంఫోటెరిసిన్ మందు ఎక్కించడం, చచ్చిన భాగాన్ని కోసి తీసేయడం ఎంత త్వరగా జరిగితే మనిషి అంత దక్కుతాడు.

చక్కెర 290 ఉండి, ఒక పక్క కన్ను కదలని మనిషికి స్టెరాయిడ్ రాసే ముందు ముక్కులో దుర్భిణి పెట్టి చూడకపోతే అది నిర్లక్ష్యమే అవుతుంది. అక్కడి నుంచి చిన్న ముక్క తీసి, పొటాషియం హైడ్రాక్సైడ్ వేసి సూక్ష్మదర్శిని కింద చూస్తే, మ్యూకర్ అయితే వెడల్పాటి, అడ్డగోడలు లేని పోగులు ఆ రోజే కనబడతాయి. ఆస్పర్జిల్లస్ అనే మరో బూజు ఇంత దూకుడుగా రాదు. వారాల తరబడి, నెలల తరబడి నెమ్మదిగా కంటి గూటి కొనలో పెరుగుతూ, స్కానులో మామూలు వాపులాగే కనబడి అనుభవజ్ఞులనూ మోసగిస్తుంది. పెద్దాయన ముక్కు శుభ్రంగా ఉంది, ముక్క పరీక్షలో పోగులు లేవు.

మిగిలిన కారణాల్లో కొన్నింటిని ప్రశ్నలతోనే పట్టుకోవచ్చు. కొన్ని వారాల కిందట జాతీయ రహదారి మీద బండి నుంచి పడ్డారా? తలకు దెబ్బ తగిలాక కెరోటిడ్ ధమని ఆ గదిలోనే చిల్లుపడి సిర రక్తంలో కలిసిపోతే, కన్ను ఎర్రబడి ముందుకు వచ్చి నాడితోపాటు అదురుతుంది. తలలో హోరు వినబడుతోందని రోగే చెబుతాడు, రెప్ప మీద స్టెతస్కోపు పెడితే వైద్యుడికీ వినబడుతుంది. ముక్కు మీద కురుపు గిల్లారా, జ్వరం ఉందా? ఆ చీము సిరల గుండా కావెర్నస్ సైనస్‌కు చేరి అక్కడ రక్తం గడ్డకడితే, ఒకటి రెండు రోజుల్లో రెండో కన్ను కూడా వాస్తుంది. నుదుటి మీద సర్పి లేచిందా? పొక్కులు మానుతున్న రోజుల్లో కన్ను కదలకపోవడం చూస్తాం. ఒక్కసారిగా భరించలేని తలనొప్పి, వాంతులు, చూపు తగ్గడం కలిసి వస్తే పీయూష గ్రంథిలో రక్తస్రావం జరిగిందేమో చూడాలి. అది కంటి జబ్బు కాదు, ప్రాణాపాయం. నమిలితే దవడ నొప్పి, కణతల దగ్గర ముట్టుకుంటే నొప్పి ఉన్న వృద్ధుల్లో కణత ధమని వాపును మరవకూడదు, మన దేశంలో అది అరుదే అయినా.

నిదానంగా వచ్చేవి వేరే. క్షయ, పీయూష గ్రంథి గడ్డలు, మెదడు పైపొర గడ్డలు, ముక్కు వెనక భాగపు కేన్సరు, లింఫోమా అనే తెల్ల రక్తకణాల కేన్సరు, ఇంకెక్కడి నుంచో పాకిన కేన్సరు. వీటిలో ఏదీ మొదటి రోజు తన పేరు చెప్పుకోదు. పిల్లల్లో మాత్రం ఒక ప్రత్యేకమైన రకం ఉంది: తలనొప్పి వచ్చి, రోజుల తర్వాత మూడో నరం పడిపోయి, కోలుకుని, కొన్నాళ్లకు మళ్లీ వచ్చేది. దాన్ని ఇదివరకు పార్శ్వపు నొప్పిలో ఒక రకంగా లెక్కవేసేవారు. ఇప్పుడు పదేపదే వచ్చే నరపు వాపుగా చూస్తున్నారు.

నొప్పి లేకుండా రెప్పలు వాలితే దారి పూర్తిగా మారుతుంది. సాయంత్రానికి ఎక్కువై, నిద్ర లేస్తే తగ్గేది నరానికీ కండరానికీ మధ్య సంకేతం బలహీనపడిన మయస్తీనియా కావచ్చు. పొలం గట్టు మీదో, పాకలో నేల మీదో పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పితో లేచి, రెండు రెప్పలూ ఎత్తలేకపోతే, ఒంటి మీద కాటు కనబడకపోయినా కట్లపామును అనుమానించి విరుగుడు మందు ఉన్న ఆసుపత్రికి పరుగెత్తాలి. అక్కడ ఎంఆర్‌ఐ కోసం వేచి ఉండటమే హత్య.

1954లో బార్సిలోనా, 2018లో వర్గీకరణ

ఇక చివరన పెట్టవలసిన ఆ పేరు: టొలోసా-హంట్. ఎడ్వర్డో టొలోసా అనే బార్సిలోనా (స్పెయిన్) శస్త్రవైద్యుడు 1954లో ఒక రోగి గురించి రాశారు. ఎడమ కంటి వెనక నొప్పి, కదలికలు పోవడం, నుదుటి స్పర్శ తగ్గడం. ధమనిలో రంగు పంపి తీసిన చిత్రంలో కెరోటిడ్ వంపు సన్నబడి ఉంది. ధమని ఉబ్బే అనుకుని తల తెరిస్తే ఉబ్బు లేదు. రోగి బతకలేదు. మరణానంతర పరీక్షలో ధమని చుట్టూ, నరాల చుట్టూ గట్టిపడిన వాపు కణజాలం కనబడింది. 1961లో అమెరికాలో విలియం హంట్, ఆయన సహచరులు ఇలాంటి ఆరుగురి గురించి రాశారు. స్టెరాయిడ్లతో నొప్పి వేగంగా తగ్గడాన్ని గమనించారు. 1966లో మరో ఇద్దరు వైద్యులు దీనికి టొలోసా-హంట్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. సీటీ స్కానే ఇంకా పుట్టని ఆ కాలంలో, తల తెరవకుండా కావెర్నస్ సైనస్ లోపల చూసే మార్గం లేదు. స్టెరాయిడ్‌కు లొంగడమే రోగ నిర్ధారణగా చలామణి కావడానికి కారణం అదేనని నేననుకుంటాను.

అంతర్జాతీయ తలనొప్పుల వర్గీకరణ 2004 నాటి రెండో కూర్పులో, సరైన మోతాదులో స్టెరాయిడ్ ఇస్తే 72 గంటల్లో తగ్గాలన్న షరతు ఉండేది. 2018లో వచ్చిన మూడో కూర్పు ఆ షరతును నిర్ధారణ సూత్రాల నుంచి తీసేసింది. ఇప్పుడు కావలసినవి ఇవి: ఒక పక్క కంటి చుట్టూ నొప్పి, కావెర్నస్ సైనస్‌లో గానీ, చీలికలో గానీ, కంటి గూటిలో గానీ వాపు ఉన్నట్టు ఎంఆర్‌ఐలోనో ముక్క పరీక్షలోనో తేలడం, అదే వైపు మూడు, నాలుగు, ఆరు నరాల్లో ఒకటైనా పడిపోవడం, నొప్పి పక్షవాతంతోపాటే గానీ, దానికి రెండు వారాల లోపు ముందు గానీ మొదలై ఉండటం, వీటన్నిటికీ వేరే కారణం ఏదీ కనబడకపోవడం. చివరి మాట చదవడానికి చిన్నది. ఆసుపత్రిలో దానికే ఎక్కువ రోజులు పడతాయి.

స్టెరాయిడ్ షరతు ఎందుకు పనికిరాలేదో చెప్పడానికి పెద్దాయనకు పడిన సూదే చాలు. అది డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్. వాపు ఏదైనా, దాని వెనక ఉన్నది ఎవరైనా, స్టెరాయిడ్ దాని నోరు నొక్కుతుంది. లింఫోమా గడ్డ స్టెరాయిడ్‌తో కొన్నాళ్లు చిక్కి, స్కానులోనే మాయం కావచ్చు. అప్పుడు ముక్క పరీక్ష చేసినా దొరకదు. క్షయ వాపు కొంచెం తగ్గి, లోపల వ్యాపిస్తుంది. బూజైతే మొదటి రెండు రోజులు రోగికి హాయి, ఆ తర్వాత చూపు, ఆ తర్వాత ప్రాణం. నొప్పి తగ్గిందన్న ఒక్క కబురుతో ఈ జబ్బుల మధ్య తేడా పట్టలేం. ఊళ్లో సూది వేసిన మనిషికి చెడ్డ ఉద్దేశం ఏమీ ఉండదు. ముందు మనిషికి నొప్పి తగ్గాలి, అంతే. కానీ ఆ రెండు రోజుల ఉపశమనం వల్ల పెద్దాయన నా గది దాకా రావడం ఆలస్యమైంది, రక్త పరీక్షల్లో చక్కెర మరింత పెరిగింది, తర్వాత తీసిన స్కానును చదివేవారికి ఒక అదనపు సందేహం మిగిలింది.

ఆ స్కాను మామూలు మెదడు ఎంఆర్‌ఐ కాదు. మెదడుకు మాత్రమే తీసిన ఎంఆర్‌ఐలో కావెర్నస్ సైనస్ రెండు మూడు పలకల్లో దాటిపోతుంది, నివేదికలో 'సాధారణం' అని వస్తుంది. అలాంటి నివేదికలు పట్టుకుని వచ్చినవారిని నేను చూశాను. మెదడుతోపాటు కంటి గూళ్లకు కూడా, పలుచని పలకలుగా, కొవ్వు మెరుపును అణచి, గెడోలినియం రంగు మందు ఎక్కించి తీయమని చీటీలో ప్రత్యేకంగా రాయాలి. రంగు మందుకు ముందు క్రియాటినిన్ చూస్తారు, కిడ్నీలు బలహీనంగా ఉన్నవారికి జాగ్రత్త అవసరం కనుక. పెద్దాయనను పినాకిని రైల్లో చెన్నై తీసుకెళ్లారు. కుడి కావెర్నస్ సైనస్ బయటి గోడ ఎడమవైపు కన్నా లావుగా ఉబ్బి, రంగు మందుకు మెరిసి, ఆ మెరుపు చీలిక దాకా వచ్చింది. లోపలి కెరోటిడ్ కొద్దిగా సన్నబడింది. టొలోసా 1954లో చూసిన చిత్రానికి దూరపు చుట్టమే. కానీ మెరిసినదంతా ఆ జబ్బు కాదు. లింఫోమా మెరుస్తుంది, క్షయ మెరుస్తుంది, బూజూ మెరుస్తుంది.

అందుకే ఆ తర్వాత వారం రోజులు పరీక్షలు సాగాయి. రక్తకణాలు, ఈఎస్ఆర్, మూడు నెలల సగటు చక్కెర, థైరాయిడ్, సిఫిలిస్, హెచ్ఐవీ, రక్తనాళాల వాపు జబ్బుల యాంటీబాడీలు, ఐజీజీ4, ఛాతీ ఎక్స్‌రే, చివరగా వెన్ను నుంచి నీరు తీసి కణాలనూ క్షయనూ చూడటం. ఇంటివాళ్లకు ఇదంతా ఖర్చు పెంచే తంతులా తోచింది. "ఒక్క కన్నుకి నడుములో సూది ఎందుకు సామీ?" అని కొడుకు ఫోనులో అడిగాడు. ప్రశ్న న్యాయమైనదే. స్టెరాయిడ్ ఒకసారి మొదలుపెడితే చాలా జబ్బుల ఆనవాళ్లు చెరిగిపోతాయి. చూడవలసినవన్నీ దానికి ముందే చూడాలి. గడ్డ మీద అనుమానం గట్టిగా ఉంటే ముక్క కూడా తీస్తారు, కానీ కావెర్నస్ సైనస్ ధమనీ నరాలూ కిక్కిరిసిన చోటు కాబట్టి అది తేలికగా తీసుకునే నిర్ణయం కాదు.

అదే ఫోనులో అతను ఒక శుభవార్త కూడా చెప్పాడు: నాన్నకు రెండుగా కనబడటం పోయిందట. రెప్ప సంగతి అడిగాను. పూర్తిగా మూసుకుపోయిందన్నాడు. కుడి రెప్ప తెర దించినట్టు దిగిపోతే కుడి కంటి బొమ్మ లేదు, ఇక రెండో ఏరేటరు ఎక్కడి నుంచి వస్తుంది? జబ్బు ముదిరినప్పుడు బాధ తగ్గినట్టు కనబడే సందర్భం ఇది. కోలుకునేటప్పుడు దీనికి ఎదురు మజిలీ కూడా ఉంటుందని అప్పుడే చెప్పి ఉండవలసింది. చెప్పలేదు, అది నా పొరపాటు.

పరీక్షలన్నీ ఖాళీగా వచ్చాక, ఇన్సులిన్‌తో చక్కెరను పట్టుకుంటూ స్టెరాయిడ్ మొదలుపెట్టారు. రెండో రోజుకు నొప్పి పోయింది. నరాలు నొప్పితోపాటు లేచి రావు. వాటికి వారాలు పడుతుంది, కొందరికి నెలలు. మందును కూడా నొప్పి పోయిందని ఆపకూడదు, వైద్యుడు రాసిన మెట్ల ప్రకారం తగ్గించుకుంటూ రావాలి. మూడో వారంలో తండ్రీకొడుకులు పొద్దున్నే అంగడి తెరవకముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నారు. మందు వికటించింది, మళ్లీ రెండుగా కనబడుతోందన్నారు. చూస్తే రెప్ప సగం పైకి లేచి ఉంది. తెర లేచింది కనుక కుడి కంటి బొమ్మ మళ్లీ వచ్చింది. కన్ను ఇంకా పూర్తిగా తిరగడం లేదు కనుక ఆ బొమ్మ పక్కకు పడింది. ఆయన పాత కళ్లజోడు తీసుకుని కుడి అద్దం లోపలివైపు పాలరంగు టేపు అంటించి ఇచ్చాను. రెండో ఏరేటరు ఆ టేపు వెనకే ఉండిపోయింది.

టేపు తీసేసింది తొమ్మిదో వారంలో. నేరుగా చూసినా, కిందికి చూసినా ఒకటే. బాగా కుడికి చూసినప్పుడు మాత్రం టార్చి వెలుగు కొస దగ్గర చీలుతోంది. కంటికి సంబంధించినంతవరకు అది మంచి ఫలితం. అయినా టొలోసా-హంట్ అన్న పేరు పక్కన చెన్నై వైద్యులు ఒక ప్రశ్నార్థకం ఉంచారు, సరిగానే ఉంచారు. నమోదైన రోగుల్లో దాదాపు సగం మందికి ఇది నెలల తర్వాతో ఏళ్ల తర్వాతో తిరిగి వస్తుంది. ఆ తిరిగి వచ్చినదే ఒక్కోసారి ఇది మొదటి నుంచీ టొలోసా-హంట్ కాదనీ, లింఫోమా అనీ, బూజు అనీ బయటపెడుతుంది. స్టెరాయిడ్ పూర్తిగా ఆపాక తీసే స్కానులో గోడ లావు తగ్గి ఉంటే, ఆ పైన తీసేదాంట్లోనూ తగ్గే ఉంటే, అప్పుడు ఆ ప్రశ్నార్థకం చెరుగుతుంది.

ఆరో నెల స్కానింగు తేదీ రొయ్యల పట్టుబడి వారంలో పడింది. కన్ను బాగానే ఉంది కదా, పట్టుబడి అయ్యాక చూసుకుందామా అని పెద్దాయన అడిగారు. ఆ వారం గుంట దగ్గర కొడుకును ఉండమని చెప్పి, తేదీ కాగితం ఆయన చొక్కా జేబులోనే పెట్టాను.